చెవిడొప్పలు లేని సీల్‌లు

ఫిన్లాండ్ దేశంలో సైమా అనే పెద్ద మంచినీటి సరస్సు ఉంది. చలికాలంలో ఆ సరస్సు గడ్డకట్టి రాతినేలలాగ అవుతుంది. కొన్నేళ్ళుగా అక్కడ ఒక వింత కనబడుతున్నది. మంచు చాలినంతగా కురవని ఏడాది, కొందరు పారలు భుజాన వేసుకొని ఆ గడ్డకట్టిన సరస్సు మీదికి నడిచి వెళతారు. సరస్సులో వేల కొద్దీ దీవులున్నాయి. ఆ దీవుల ఒడ్డున పలచగా పరచుకొని ఉన్న మంచును పారలతో పోగుచేసి పెద్ద పెద్ద కుప్పలు పోస్తారు. పని ముగియగానే కుప్పలను అక్కడే వదిలి ఇళ్ళకు తిరిగి వస్తారు.

ఆ కుప్పలు ఎవరి కోసం? వాటి కింద ఎవరు కాపురముంటారు? మనుష్యులు ఇంత చలిలో ఆ శ్రమ ఎందుకు పడుతున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు తెలియాలంటే ముందు ఒక జంతువును గురించి తెలుసుకోవాలి. దాని పేరు సీల్.

చేప కాదు, క్షీరదం

సీల్‌ను చాలామంది 'సీల్ చేప' అంటారు. నీటిలో ఉంటుంది, చేపలాగ కోలగా ఉంటుంది, చేపలను తింటుంది. కనుక అది కూడా చేపే అనుకుంటారు. అది పొరపాటు. చేప మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును పీల్చుకుంటుంది. సీల్‌కు మొప్పలు లేవు. దానికి మనలాగే ఊపిరితిత్తులున్నాయి. ఎంత లోతుకు మునిగినా గాలి పీల్చుకోవడానికి అది నీటి పైకి రావలసిందే. చేప గుడ్లు పెడుతుంది. సీల్ పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. చేప ఒంటిమీద పొలుసులుంటాయి. సీల్ ఒంటిమీద వెంట్రుకలుంటాయి. చేప శరీరపు వేడి సాధారణంగా నీటి వేడిని బట్టి మారుతుంది. సీల్ శరీరం నీరు ఎంత చల్లగా ఉన్నా వెచ్చగానే ఉంటుంది. కాబట్టి సీల్ క్షీరదం. ఆవు, కుక్క, మనిషి ఏ వర్గానికి చెందినవో సీల్ కూడా ఆ వర్గానికి చెందినదే.

సీల్ పూర్వులు నేలమీద తిరిగిన మాంసాహార జంతువులు. ఎలుగుబంట్లు, ముంగిసను పోలి ఉండే వీజెల్ జాతి జంతువులు సీల్‌కు దగ్గరి చుట్టాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. కోట్ల సంవత్సరాల క్రిందట ఆ పూర్వులు ఆహారం కోసం నీటిని ఆశ్రయించాయి. తరాలు గడిచిన కొద్దీ కాళ్ళు పొట్టివై, వేళ్ళ మధ్య చర్మం అల్లుకొని తెడ్లలాగ మారాయి. సీల్ తెడ్డుకాలిలోని ఎముకలను చూస్తే అందులో ఐదు వేళ్ళూ స్పష్టంగా కనబడతాయి. పైకి తెడ్డు, లోపల చేయి.

సముద్రంలోని పాలిచ్చే జీవులు

సముద్రాన్ని నమ్ముకొని బతికే క్షీరదాలు సీల్‌లు మాత్రమే కావు. వాటిని స్థూలంగా నాలుగు గుంపులుగా చెప్పుకోవచ్చు.

మొదటి గుంపు తిమింగలాలు, డాల్ఫిన్లు. ఇవి పుట్టింది మొదలు చచ్చేదాకా నీటిలోనే ఉంటాయి. నేలమీదికి వస్తే బతకలేవు. వీటి ఒంటిమీద వెంట్రుకలు దాదాపు లేవు. వెనుక కాళ్ళు పూర్తిగా పోయి, అడ్డంగా పరచుకొన్న తోక మిగిలింది. ఆ తోకను పైకీ కిందికీ ఊపుతూ ఈదుతాయి. ముక్కు రంధ్రం నడినెత్తిన ఉంటుంది. ఒడిశాలోని చిలికా సరస్సులో కనబడే ఇరావతి డాల్ఫిన్లు ఈ గుంపులోనివే.

రెండవ గుంపు సముద్రపు ఆవులు. వీటిలో డ్యుగాంగ్ అనే జంతువు మన దేశపు తీరంలోనే ఉంది. తమిళనాడులో దీన్ని 'కడల్ పసు' అని పిలుస్తారు. సముద్రపు ఆవు అనే దాని అర్థం. పేరుకు తగినట్లే ఇది సముద్రపు అడుగున మొలిచే గడ్డిని మేస్తుంది. సముద్ర క్షీరదాలలో శాకాహారులు ఈ గుంపువి మాత్రమే. ఇవి కూడా నేలమీదికి రావు. డ్యుగాంగ్‌లను కాపాడడానికి 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది.

మూడవ గుంపులో సముద్రపు నీటికుక్క, ధ్రువపు ఎలుగుబంటి వంటివి చేరుతాయి. వీటికి మామూలు జంతువులలాగ కాళ్ళున్నాయి. సముద్రపు నీటికుక్కకు చర్మం కింద మందమైన కొవ్వుపొర లేదు. దట్టమైన బొచ్చే దాన్ని చలినుండి కాపాడుతుంది.

నాలుగవ గుంపు తెడ్డుకాళ్ళ జంతువులు. సీల్‌లు, సముద్ర సింహాలు, వాల్రస్‌లు ఈ గుంపులోనివి. ఇవి ఇటు నేలకూ అటు నీటికీ చెందిన జీవులు. ఆహారం నీటిలో, కాన్పు నేలమీదనో మంచుగడ్డ మీదనో. తిమింగలం నీటిలోనే ఈనుతుంది. సీల్ అట్లా చేయలేదు. పిల్లను కనడానికి దానికి ఒక గట్టి చోటు కావాలి. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకుంటే, సీల్‌కు వచ్చిన కష్టాలన్నీ తేలికగా అర్థమవుతాయి.

చెవిడొప్ప ఉన్నవీ, లేనివీ

తెడ్డుకాళ్ళ జంతువులలో మూడు కుటుంబాలున్నాయి. మొదటిది చెవిడొప్పలు గల కుటుంబం. సముద్ర సింహాలు, బొచ్చు సీల్‌లు ఇందులోనివి. రెండవది చెవిడొప్పలు లేని కుటుంబం. వీటినే అసలు సీల్‌లు అంటారు. మూడవ కుటుంబంలో పొడవైన దంతాలు గల వాల్రస్ ఒక్కటే ఉంది. దానికీ చెవిడొప్పలు లేవు.

చెవిడొప్ప లేదంటే చెవి లేదని కాదు. తలకు రెండు వైపులా చిన్న రంధ్రాలుంటాయి. నీటిలో మునిగినప్పుడు ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అయినా సీల్ నీటిలో చక్కగా వింటుంది. బయటికి పొడుచుకు వచ్చిన డొప్ప లేనందువల్ల తల నున్నగా ఉండి నీటిని సులువుగా చీల్చుకొని పోతుంది.

ఈ రెండు కుటుంబాలకు చెవులలోనే కాదు, నడకలోనూ ఈతలోనూ తేడా ఉంది. సముద్ర సింహం తన వెనుక కాళ్ళను పొట్ట కిందికి, ముందుకు తిప్పుకోగలదు. నాలుగు కాళ్ళ మీద లేచి నడవగలదు. రాళ్ళమీద పరుగెత్తగలదు కూడా. అసలు సీల్‌కు ఆ వీలు లేదు. దాని వెనుక కాళ్ళు ఎప్పుడూ వెనక్కే చాచి ఉంటాయి. నేలమీదికి వస్తే గొంగళిపురుగులాగ పొట్టమీద పాకుతూ, ఒళ్ళు ఎగరవేసుకుంటూ కదులుతుంది. చూసేవారికి నవ్వు వస్తుంది.

నీటిలోకి దిగగానే కథ మారుతుంది. సముద్ర సింహం ముందు కాళ్ళను పక్షి రెక్కలలాగ ఆడిస్తూ ఈదుతుంది. అసలు సీల్ వెనుక కాళ్ళను చేపతోకలాగ అటూ ఇటూ ఊపుతూ ఈదుతుంది. ముందు కాళ్ళతో దారి మళ్ళించుకుంటుంది. నేలమీద దేనికీ పనికిరానట్లు కనబడిన ఆ వెనుక కాళ్ళే నీటిలో దాని బలం.

సర్కస్‌లలో ముక్కుమీద బంతిని నిలిపి ఆడించే జంతువును అందరూ సీల్ అంటారు. అది సాధారణంగా సముద్ర సింహం. అసలు సీల్‌కు అట్లా లేచి నిలబడే శక్తి లేదు.

అసలు సీల్‌లలో ఇప్పుడు బతికి ఉన్నవి సుమారు 18 జాతులు. వీటిలో అతి పెద్దది దక్షిణ సముద్రాలలోని ఏనుగు సీల్. మగదాని ముక్కు తొండంలాగ వేలాడుతుంది. బరువు 3 నుంచి 4 టన్నుల వరకు ఉంటుంది. చిన్నవాటిలో రష్యాలోని బైకాల్ సరస్సులో ఉండే సీల్ ఒకటి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, పూర్తిగా మంచినీటిలోనే బతికే సీల్ జాతి ఇది ఒక్కటే. జనసంఖ్యలో మొదటి స్థానం అంటార్కిటికా చుట్టూ ఉండే 'పీతలు తినే సీల్'ది. పేరు అట్లా ఉన్నా అది పీతలను తినదు. రొయ్యలను పోలిన క్రిల్ అనే చిన్న జీవులను నీటితోపాటు నోటిలోకి తీసుకొని, జల్లెడ వంటి పళ్ళ సందులలో నుంచి నీటిని బయటికి వదులుతుంది.

ఊపిరి బిగబట్టే విద్య

మనిషి నీటిలో మునిగేముందు గుండెలనిండా గాలి పీల్చుకుంటాడు. అసలు సీల్ అందుకు విరుద్ధంగా ఊపిరి వదిలి మునుగుతుంది. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కాని ఇందులో మంచి కిటుకు ఉంది.

లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఊపిరితిత్తులలో గాలి నిండుగా ఉంటే, ఆ ఒత్తిడికి అందులోని నత్రజని రక్తంలో కరిగిపోతుంది. పైకి వచ్చేటప్పుడు అది బుడగలుగా మారి ప్రాణానికి ముప్పు తెస్తుంది. సీల్ ఊపిరితిత్తులు లోతుకు పోగానే ముడుచుకుపోతాయి. అందువల్ల ఆ ప్రమాదం తప్పుతుంది.

మరి ప్రాణవాయువు ఎక్కడిది? సీల్ దాన్ని ఊపిరితిత్తులలో కాక రక్తంలోనూ కండరాలలోనూ దాచుకుంటుంది. శరీరపు బరువుతో పోల్చి చూస్తే దాని రక్తం మనిషి రక్తంకంటె ఎంతో ఎక్కువ. కండరాలలో మయోగ్లోబిన్ అనే పదార్థం ప్రాణవాయువును పట్టి ఉంచుతుంది. అది అంత ఎక్కువగా ఉండడంవల్లనే సీల్ మాంసం నల్లగా కనబడుతుంది. నీట మునిగిన వెంటనే గుండె వేగం బాగా తగ్గుతుంది. మెదడు వంటి ముఖ్యమైన అవయవాలకు తప్ప మిగిలిన భాగాలకు రక్తం పోవడం తగ్గిపోతుంది. పొదుపరి ఇల్లాలు కరవు కాలంలో గింజలు వాడినట్లు, సీల్ ప్రాణవాయువును కొద్దికొద్దిగా వాడుకుంటుంది.

ఈ పొదుపుతో అది సాధించేవి చిన్న పనులు కావు. అంటార్కిటికాలోని వెడెల్ సీల్ గంటకు పైగా నీటిలో ఉండగలదు. 600 మీటర్లకు మించి లోతుకు పోగలదు. దక్షిణ ఏనుగు సీల్ 2000 మీటర్లకు పైగా లోతుకు మునిగిన సందర్భాలున్నాయి. సుమారు రెండు గంటలపాటు అది నీటిలోనే ఉండగలిగింది. ఉత్తర ఏనుగు సీల్‌లు నెలల తరబడి సముద్రంలో గడిపే కాలంలో రోజుకు సగటున రెండు గంటలు మాత్రమే నిద్రపోతాయని, ఆ నిద్ర కూడా నీటి లోతులలోనే అని 2023లో వెలువడిన పరిశోధన తెలిపింది.

వెడెల్ సీల్‌కు ఇంకొక కష్టం ఉంది. అది ఉండే చోట సముద్రం పైభాగమంతా మంచుతో కప్పబడి ఉంటుంది. గాలి పీల్చడానికి కిటికీ వంటి ఒక రంధ్రం కావాలి. ఆ రంధ్రం మాటిమాటికీ గడ్డకట్టి మూసుకుపోతుంటుంది. సీల్ తన ముందు పళ్ళతో మంచును గీకి గీకి రంధ్రాన్ని తెరచి ఉంచుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పళ్ళు అరిగిపోతాయి. పళ్ళు అరిగిన సీల్ వేటాడలేదు, రంధ్రాన్నీ కాపాడుకోలేదు. ఊపిరి కోసం చేసే ఆ పనే చివరకు దాని ఆయుష్షును తగ్గిస్తుంది. అంటార్కిటికాలో మన దేశం 2012లో నెలకొల్పిన 'భారతి' పరిశోధన కేంద్రం ఉన్న తీరంలోనూ వెడెల్ సీల్‌లు కనబడతాయి.

మీసాలతో వేట

సముద్రపు లోతులలో వెలుగు ఉండదు. ఆ చీకటిలో సీల్ చేపను ఎట్లా పట్టుకుంటుంది? డాల్ఫిన్లు శబ్దాలు చేసి, ఆ శబ్దాలు తిరిగి వచ్చే తీరును బట్టి ఎదుట ఏమున్నదో తెలుసుకుంటాయి. సీల్‌కు ఆ విద్య లేదు. దానికి మీసాలున్నాయి.

చేప ఈదిపోయిన దారిలో నీరు కొంతసేపు సుళ్ళు తిరుగుతూ ఉంటుంది. సీల్ మీసాలు ఆ చిన్న కదలికను పసిగడతాయి. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు శిక్షణ పొందిన సీల్ కళ్ళకు గంతలు కట్టారు; చెవులకు శబ్దం వినబడకుండా చేశారు. నీటిలో ఒక బొమ్మ జలాంతర్గామిని నడిపి ఆపివేశారు. తరువాత చెవుల మూత తీసి సీల్‌ను వదిలారు. అది జలాంతర్గామి పోయిన దారినే, మలుపులతో సహా, తప్పకుండా వెంబడించింది. మీసాలను కప్పివేసినప్పుడు మాత్రం దారి కనుక్కోలేకపోయింది.

నాలుగు రోజుల పాలు

సముద్ర సింహం తల్లి పిల్లను ఒడ్డున వదిలి సముద్రానికి పోయి, తిని వచ్చి పాలిస్తుంది. ఇట్లా నెలల తరబడి, కొన్ని జాతులలో ఏడాదికి పైగా సాగుతుంది. అసలు సీల్‌ల పద్ధతి వేరు. చాలా జాతులలో తల్లి పిల్లను కన్న తరువాత పాలిచ్చే రోజులన్నీ దాదాపు ఉపవాసమే ఉంటుంది. తన ఒంటిలో దాచుకొన్న కొవ్వునే పాలుగా మార్చి పిల్లకు ఇస్తుంది.

గేదెపాలలో వెన్న సుమారు 7 శాతం ఉంటుంది. అట్లాంటిక్ ఉత్తర భాగాన ఉండే హుడెడ్ సీల్ పాలలో అది సుమారు 60 శాతం. ఆ తల్లి పాలిచ్చేది నాలుగే నాలుగు రోజులు. క్షీరదాలన్నిటిలో ఇంత తక్కువ కాలం పాలు తాగే పిల్ల మరొకటి లేదు. ఆ నాలుగు రోజులలో పిల్ల బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. హార్ప్ సీల్ పిల్ల సుమారు పన్నెండు రోజులు పాలు తాగుతుంది. ఆ తరువాత తల్లి దాన్ని మంచుగడ్డ మీద ఒంటరిగా వదిలి వెళ్ళిపోతుంది. పిల్ల తన ఒంటిలోని కొవ్వుతో కొన్ని వారాలు గడిపి, తెల్లని పుట్టుబొచ్చు రాలిన తరువాత తానే నీటిలో దిగి వేట నేర్చుకుంటుంది.

తల్లికి ఇంత తొందర ఎందుకు? ఆమె పిల్లను కన్నది నేలమీద కాదు, నీటిపై తేలే మంచుగడ్డ మీద. ఆ గడ్డ ఎప్పుడు పగులుతుందో తెలియదు. పగలకముందే పిల్ల బలపడాలి. మంచు ఎంతకాలం నిలిస్తే పిల్లకు అంత మేలు.

మనిషి చేసిన కీడు

ఉత్తర ధ్రువ ప్రాంతంలోని ఇన్యుయిట్ ప్రజలు వేల ఏళ్ళుగా సీల్‌లను వేటాడి బతికారు. పంటలు పండని ఆ చోట సీల్ మాంసమే తిండి, చర్మమే బట్ట, కొవ్వే దీపానికి చమురు. వారు అవసరమైనంత మాత్రమే తీసుకున్నారు. వారి వేటవల్ల సీల్‌ల జాతులు నశించలేదు.

వ్యాపారం కోసం వచ్చిన వేట అట్లాంటిది కాదు. నూనె కోసం, తోళ్ళ కోసం ఓడల మీద వచ్చిన వేటగాళ్ళు 18, 19 శతాబ్దాలలో తీరాలకు తీరాలే ఖాళీ చేశారు. నేలమీద వేగంగా కదలలేని జంతువును చంపడానికి పెద్ద నేర్పు అక్కరలేదు. మంచుమీద పరుగెత్తలేని ఆ నడకే దాని పాలిట శాపమైంది.

కరిబియన్ సముద్రంలో మాంక్ సీల్ అనే జాతి ఉండేది. 1494లో కొలంబస్ రెండవ యాత్రలో అతని మనుషులు ఎనిమిది సీల్‌లను చంపి తిన్నారు. ఆనాడు మొదలైన వేట ఆగలేదు. 1952లో ఆ జాతి సీల్‌ను కడసారి చూశారు. ఆ తరువాత ఎంత వెదికినా ఒక్కటి కూడా కనబడలేదు. 2008లో అమెరికా ప్రభుత్వం ఆ జాతి అంతరించిందని ప్రకటించింది. దానికి చుట్టాలైన మధ్యధరా మాంక్ సీల్‌లు కొన్ని వందలు, హవాయి మాంక్ సీల్‌లు సుమారు 1,600 మిగిలాయి.

ఉత్తర ఏనుగు సీల్ కథ చివరి క్షణంలో మలుపు తిరిగింది. 19వ శతాబ్దం చివరకు ఆ జాతి అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1892లో మెక్సికోకు చెందిన గ్వాదలూపే దీవిలో తొమ్మిది సీల్‌లు కనబడ్డాయి. వాటిని కనుగొన్న పరిశోధకులు ఏం చేశారు? వస్తుప్రదర్శనశాల కోసం అందులో ఏడింటిని చంపారు! అదృష్టవశాత్తు మరికొన్ని వారి కంట పడకుండా మిగిలాయి. 1922లో మెక్సికో ప్రభుత్వం ఆ దీవిని రక్షిత ప్రాంతంగా చేసింది. ఇప్పుడు ఆ జాతి సీల్‌లు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. అయితే అవన్నీ ఆనాడు మిగిలిన పిడికెడు సీల్‌ల సంతానమే. కనుక వాటిలో జన్యువుల వైవిధ్యం మిక్కిలి తక్కువ. పెద్ద వ్యాధి ఏదైనా వస్తే తట్టుకొనే శక్తి అన్నిటిలోనూ ఒకేలాగ ఉంటుందన్న భయం మిగిలి ఉంది. ఇటువంటి భయం ఊహ మాత్రమే కాదు. 2023లో అర్జెంటీనా తీరంలో బర్డ్ ఫ్లూ వ్యాధివల్ల దక్షిణ ఏనుగు సీల్ పిల్లలు సుమారు 17,000 చనిపోయాయి.

మంచు కరిగితే

ఇప్పుడు వేటకంటె పెద్ద ముప్పు వాతావరణం నుంచి వస్తున్నది. భూమి వేడెక్కుతున్నది. ధ్రువ ప్రాంతాల శీతోష్ణస్థితి మారుతున్నది. సముద్రంపై మంచు ఆలస్యంగా ఏర్పడి, తొందరగా కరుగుతున్నది. కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖలో 2010లో మంచు మిక్కిలి తక్కువగా ఏర్పడింది. ఈత రాని పిల్లలకు కాలు మోపడానికి చోటు లేకపోయింది. 2025 అక్టోబరులో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం హుడెడ్ సీల్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. హార్ప్ సీల్ కూడా ఆ ప్రమాదానికి చేరువవుతున్నదని ప్రకటించింది.

పారలు పట్టిన చేతులు

ఇక సైమా సరస్సుకు తిరిగి వద్దాం. మంచుయుగం ముగిసిన తరువాత నేల పైకి లేవడంతో ఆ సరస్సు సముద్రంనుండి విడిపోయింది. అప్పటికే అందులోకి వచ్చిన సీల్‌లు అక్కడే చిక్కుకుపోయి, తొమ్మిది వేల ఏళ్ళకు పైగా మంచినీటిలోనే బతుకుతున్నాయి. వీటిని సైమా వలయాల సీల్‌లు అంటారు. వీపుమీద ఉంగరాల వంటి గుర్తులుండడమే ఆ పేరుకు కారణం.

ఈ తల్లి సీల్ దీవుల ఒడ్డున పేరుకొన్న మంచుకుప్పలో గుహ వంటి గూడు చేసుకుంటుంది. ఆ గూటికి దారి గడ్డకట్టిన నీటి కిందనుంచే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో అందులో పిల్లను కంటుంది. పుట్టినప్పుడు పిల్ల బరువు సుమారు 5 కిలోలే. గూడు ఉంటే ఆ పిల్లకు చలి తగలదు. నక్క కంట పడదు. మంచు చాలకపోతే గూడు లేదు. గూడు లేకపోతే పిల్ల దక్కడం కష్టం.

1955లో చట్టం ఈ సీల్‌ల వేటను నిషేధించింది. అయినా చేపల వలలలో చిక్కుకొని పిల్లలు చనిపోయేవి. 1980 తరువాతి తొలి సంవత్సరాలలో వీటి సంఖ్య 200కు లోపే. పిల్లలు ఈత నేర్చే వసంతకాలంలో వలలు వేయరాదని ఆంక్షలు పెట్టారు. చేపలు పట్టుకొని బతికేవారికి అది చిన్న త్యాగం కాదు. 2014నుంచి మంచు తక్కువైన ఏడాదులలో మనుష్యులే మంచుకుప్పలు పోయసాగారు. తల్లి సీల్‌లు ఆ కుప్పలను అంగీకరించాయి. అందులో గూళ్ళు చేసుకొని పిల్లలను కన్నాయి. ఇప్పుడు సైమా సీల్‌ల సంఖ్య 400 దాటింది.

మంచు బొత్తిగా కురవని చలికాలం వస్తే పారలతో పోగుచేయడానికి కూడా ఏమీ ఉండదు. ఆ సంగతి పార పట్టినవారికీ తెలుసు. అయినా ఈ ఏడాదికి పోగుచేయవలసిన మంచు ఉన్నంతవరకు వారు సరస్సు మీదికి వెళుతూనే ఉన్నారు. తన వారితో ఏనాడో విడిపోయి, వేరొక చోట చిక్కుకొని, అక్కడి నీటినే తన నీరుగా చేసుకొని బతికిన ఒక చిన్న జాతి, మనిషి చేసిన కీడునూ చూసింది, మనిషి చేసిన మేలునూ చూసింది.

శబ్దార్థాలు

క్షీరదం : పాలిచ్చి పిల్లలను పెంచే జంతువు
చెవిడొప్ప : చెవిలో బయటికి కనబడే భాగం
పూర్వులు : ముందు తరాలవారు
విడ్డూరం : వింత
కిటుకు : ఉపాయం
జలాంతర్గామి : నీటిలో మునిగి పోయే ఓడ
సింధుశాఖ : నేలలోకి చొచ్చుకువచ్చిన సముద్రభాగం
ఆంక్ష : కట్టుబాటు, నిర్బంధం
అంతరించు : లేకుండా పోవు, నశించు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. సీల్‌ను చేప అనడం ఎందుకు పొరపాటు?
2. 'పీతలు తినే సీల్' నిజంగా ఏమి తింటుంది?
3. సీల్ చీకటిలో చేప జాడను ఎట్లా తెలుసుకుంటుంది?
4. సైమా సీల్ పిల్లకు మంచుగూడు ఏవిధంగా ఉపయోగపడుతుంది?

ఆ) కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. అసలు సీల్‌కూ సముద్ర సింహానికీ గల భేదాలను తెలపండి.
2. వెడెల్ సీల్ ఊపిరి కోసం పడే కష్టాన్ని వివరించండి.
3. ఇన్యుయిట్ ప్రజల వేటకూ వ్యాపారుల వేటకూ తేడా ఏమిటి?
4. వసంతకాలంలో వలలు వేయరాదన్న ఆంక్ష సీల్‌కు మేలు, జాలరికి నష్టం. ఇటువంటి సందర్భంలో ఏది న్యాయం? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

ఇ) కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
మాంసాహారం, శాకాహారం, శీతోష్ణం, ఏమున్నది

ఈ) కింది పదాలను సొంత వాక్యాలలో ఉపయోగించండి.
పసిగట్టు, మాటిమాటికీ, పిడికెడు, అదృష్టవశాత్తు

ఉ) చేయదగిన పనులు
1. మీరు నివసించే రాష్ట్రపు తీరంలోగాని, నదులలోగాని కనబడే క్షీరదం ఒకదాన్ని గురించి పెద్దలను, జాలరులను అడిగి తెలుసుకోండి. దాన్ని ఆ రాష్ట్ర భాషలో ఏమని పిలుస్తారో, మీ ఇంటిలో తెలుగులో ఏమంటారో రాసి తరగతిలో చదివి వినిపించండి.
2. ప్రపంచ పటంలో ఫిన్లాండ్, బైకాల్ సరస్సు, గ్వాదలూపే దీవి, సెయింట్ లారెన్స్ సింధుశాఖలను గుర్తించండి.